గోడలో నా సగం

తలుపు తియ్యగానే వాసన మొహాన కొట్టింది. నేను ఆస్పత్రిలో నర్సుని. ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ చీమూ నెత్తురూ బెడ్‌పాన్లూ చూస్తున్నదాన్ని. నాకు కడుపులో తిప్పడం అంత తేలిక కాదు. అలాంటిది నేను కూడా గుమ్మం దగ్గరే ఆగిపోయి ముక్కు మూసుకున్నాను.

మా అన్నయ్య మాత్రం గుండెల నిండా గాలి పీల్చాడు.

"ఏముందే? మూసిపెట్టిన ఇల్లు కదా, కాస్త ముక్కిన వాసన. కిటికీ తీస్తే పోతుంది," అన్నాడు.

ఆ ఇల్లు మా ఇద్దరిదీ. నాన్న పోతూ పోతూ చెరి సగం రాశాడు. ఊరికే రాయలేదు, మెలిక పెట్టి మరీ రాశాడు. ఇంట్లో ఏది మార్చాలన్నా ఇద్దరూ ఒప్పుకోవాలట. అన్నాచెల్లెళ్లు దానివల్ల కలిసుంటారని ఆయన ఆశ. పాపం, తన కొడుకు సంగతి ఆయనకి తెలియలేదు. ఒప్పుకోకపోవడమంత చవకైన పని లోకంలో ఇంకోటి లేదని అన్నయ్య మొదట్లోనే కనిపెట్టేశాడు.

మేడ మీద అన్నయ్యా వదినా ఉంటారు. కింద రెండు పోర్షన్లు అద్దెకి. ముందు పోర్షన్లో ఒక లాయరు గారున్నారు. ఆయన పంపు కారితే చాలు, వీధంతా వినిపించేలా అరుస్తాడు. అందుకని ఆయనకి కొత్త పంపు వస్తుంది. ఆయన దగ్గర ఊడబీకిన పాత పంపు వెనక పోర్షన్‌కి వెళుతుంది. సింకూ అంతే, గీజరూ అంతే, తలుపు గడియలూ అంతే. వెనక పోర్షన్లో ఊడినవి కూడా అన్నయ్య పారెయ్యడు. మేడ మీద ఒక కొట్టుగది నిండా దాచాడు. దీనికి అన్నయ్య పెట్టుకున్న పేరు 'మెయింటెనెన్స్'. వెనక పోర్షన్‌కి ఎప్పుడూ నోరులేని వాళ్లనే చూసి అద్దెకిస్తాడు, అందులో ఆయనకి బాగా చెయ్యి తిరిగింది.

మొన్నటిదాకా అక్కడ ఒక టైలరు, భార్య, చిన్న పాప ఉండేవాళ్లు. పాపకి ఒకటే దగ్గు. మా ఆస్పత్రికే తీసుకొచ్చేవాళ్లు. డాక్టరమ్మ వచ్చినప్పుడల్లా ఒకే మాట అడిగేది, ఇంట్లో చెమ్మ ఉందా అని. టైలరు నా మొహం వంక ఒకసారి చూసి "లేదండీ" అనేవాడు. చివరికి నేనే ఉండబట్టలేక, "ఉంది డాక్టర్. ఆ ఇల్లు మాదే," అని చెప్పేశాను. ఆవిడ నన్ను చూసిన చూపు ఇంకా నా ఒంటి మీద పాకుతూనే ఉంది. వాళ్లు ఇల్లు ఖాళీ చేశారు. ఆ చెమ్మ గోడ బాగుపడేదాకా ఇంకో కుటుంబాన్ని అందులో అడుగు పెట్టనివ్వనని ఒట్టు పెట్టుకుని ఇవాళ వచ్చాను.

ముందు బాత్రూమ్ చూశాం. కమోడ్ సీటు మధ్యకి చీలి ఉంది. చీలికలో ఏదో గోధుమరంగుది గట్టిపడి పేరుకుంది.

"ఇది మార్చాలి," అన్నాను.

"మార్చిందే కదే! లాయరు గారిది. వాళ్లింట్లో అందరూ శుభ్రమైన మనుషులు."

"శుభ్రమైన మనుషులు దేని మీద కూర్చున్నా అది కమోడ్ సీటే అన్నయ్యా. సందులోకి చర్మం ఇరుక్కుంటే తెలుస్తుంది."

"ఎవరూ ఇరుక్కున్నామని చెప్పలేదే."

"చెప్తారా? నీకొచ్చి చూపిస్తారా?"

మొహం చిట్లించి, బ్లీచింగ్ వేసి కడిగితే కొత్తదానిలా ఉంటుందన్నాడు. ఆయన లెక్కలో కడగడం, తుడవడం, రంగెయ్యడం అనే మూడు పనులు చేస్తే చచ్చినవాడు కూడా లేచి కూర్చుంటాడు. సింకు కింద గొట్టానికి ఎవరిదో పాత బనియన్ గుడ్డ చుట్టి ఉంది. అది తీస్తే ఏం బయటికొస్తుందోనని నేను తియ్యలేదు. మా అన్నయ్య దాన్ని చూసి, "ఎంత గట్టిగా కట్టాడో చూడు," అని మెచ్చుకున్నాడు కూడా.

తరవాత పడగ్గది. బాత్రూమ్‌ని ఆనుకున్న గోడ కింది నుంచి నడుము ఎత్తు దాకా ఉబ్బి ఉంది. రంగు పొక్కులు పొక్కులుగా లేచింది. ఆ పొక్కుల మధ్య నల్లగా, పచ్చగా బూజు. వేలితో నొక్కాను. టీలో నానిన బిస్కెట్టులా వేలు లోపలికి దిగిపోయింది. తీసి వాసన చూశాను. ఇలాంటి వాసనలు గుర్తుపట్టడం నా ఉద్యోగం. అది నీళ్ల పైపు కాదు.

"దీని పైన ఏముంది?" అన్నాను.

"ఏముంటుంది, మా బాత్రూమ్."

"అన్నయ్యా, ఇది నీ బాత్రూమ్ నుంచి దిగే మురుగు పైపు. గోడలో ఎక్కడో పగిలింది. ఆ పాప ఇన్నాళ్లూ పీల్చింది ఏంటో తెలుసా? నీ..."

"ఛీ ఛీ! ఏం మాటలే అవి!" చెవులు మూసుకున్నాడు. "ఆడదానివి, కాస్త నోరు కడుక్కో."

నోరు నేను కడుక్కోవాలట! నాకు ఒళ్లు మండిపోయింది. ఈ మనిషి, నేనూ ఒకే తల్లి కడుపున పుట్టాం. ఆ మాట తలుచుకుంటేనే రోతగా అనిపించింది.

ప్లంబరుకి ఫోన్ చేస్తే వచ్చాడు. అతన్ని అందరూ వైట్ సిమెంట్ అంటారు. ఏ పనికి పిలిచినా సంచిలోంచి ముందు అదే తీస్తాడు. కారే పంపుకీ అదే, కదిలే టైల్‌కీ అదే. గోడ దగ్గర చెవి పెట్టి విన్నాడు, తలాడించాడు.

"పైపు పోయిందా లేదా?" అని అడిగాను.

"పోయిందంటే పోయిందమ్మా. లేదంటే ఇంకొన్నాళ్లు ఉంటుంది."

"మార్చాలా వద్దా?"

"మార్చాలంటే గోడ కొట్టాలి. వద్దంటే కొట్టక్కర్లేదు." మా అన్నయ్య వంక చూశాడు. "రెండూ మంచివే సార్."

"చూశావా!" అన్నాడు అన్నయ్య, పెద్ద డాక్టరు చెప్పినట్టు. "గోడ కొట్టక్కర్లేదట. పైపు పగల్లేదే చెల్లీ, కాస్త చెమర్చింది. అంతే. పైన నాలుగు వేళ్ల మందాన వైట్ సిమెంట్ పట్టించి, రంగు కొట్టించి, కొట్టుగదిలో ఉన్న పాత బీరువా అడ్డం పెడదాం. అద్దెకొచ్చేవాళ్లకి బీరువా కూడా ఫ్రీ."

"నేనొప్పుకోను. నా డబ్బు పెట్టి నేనే పైపు మార్పిస్తాను."

"దానికి నేనొప్పుకోను. ఏది మార్చాలన్నా ఇద్దరూ ఒప్పుకోవాలని కదా నాన్న మాట?"

"మరి రంగుకి నేనెక్కడ ఒప్పుకున్నాను?"

"రంగు మార్పు కాదే. అలంకారం!" అని పళ్లికిలించాడు.

వదిన మెట్ల మీద నిలబడి అంతా వింటోంది. ఆమె అన్నయ్య ముందు నోరు విప్పగా నేనెన్నడూ చూడలేదు. నన్ను చూసి, ఏం చెయ్యమంటావ్ అన్నట్టు చేతులు తిప్పి పైకి వెళ్లిపోయింది.

సెలవు రోజు చూసుకుని మళ్లీ వెళ్లాను. గోడంతా లేత పసుపు రంగుతో మెరిసిపోతోంది. మూల బీరువా నిలబడింది. ఇంటినిండా పెయింటు, ఫినాయిల్, దాని మీద ఏదో పూల సెంటు కలిసిన ఘాటు. అన్నిటి కిందా ఆ పాత కంపు అలాగే ఉంది. శవానికి పౌడరు రాసినట్టుంది. వైట్ సిమెంట్ వంటగదిలో పంపు బిగిస్తున్నాడు. అప్పుడే ఇల్లు చూడ్డానికి ఒక జంట వచ్చారు.

అతను బస్సు కండక్టరు. ఆమెకి నెలలు నిండాయి, చెయ్యి నడుముకి ఆనించి నడుస్తోంది. ఈ గదిలో పసిగుడ్డుని పడుకోబెడతారు. ఆ టైలరు పాపకైనా కాస్త వయసొచ్చాక దగ్గు మొదలైంది. దీనికి మొదటి ఊపిరే ఇక్కడ.

"అంతా కొత్తగా చేయించామమ్మా," అంటున్నాడు అన్నయ్య. "మీరే మొదట దిగుతున్నట్టు లెక్క."

ఆమె పడగ్గదిలోకి వచ్చి, అలిసిపోయి గోడకి చెయ్యి ఆనించింది. మొహం విప్పారింది.

"గోడ ఎంత చల్లగా ఉందో చూడండి," అంది మొగుడితో. "ఎండల్లో హాయిగా ఉంటుంది."

ఇంక నా వల్ల కాలేదు.

"అది చల్లదనం కాదమ్మా," అన్నాను. "పైన మా అన్నయ్య వాళ్ల బాత్రూమ్ ఉంది. దాని మురుగు పైపు ఈ గోడలో పగిలింది. పైన రంగేశారు. ముందున్న వాళ్ల పాపకి ఇక్కడే దగ్గు పట్టుకుంది. నేను ఆస్పత్రిలో పని చేస్తాను, తెలిసే చెప్తున్నాను. ఈ ఇంట్లో సగం నాది, అయినా చెప్తున్నాను. బిడ్డని ఇక్కడ పెట్టుకోకండి."

ఆమె గోడ మీంచి చెయ్యి తీసేసింది. ఆ చేతిని ఎక్కడ తుడుచుకోవాలో తెలియక అలాగే గాల్లో పట్టుకుంది. ఆలోచించుకుని చెప్తామని ఇద్దరూ బయటికి నడిచారు.

వాళ్లు గేటు దాటగానే అన్నయ్య విరుచుకుపడ్డాడు. "నీకేం పొయ్యేకాలమే? నోటికాడి కూడు తన్నేశావు కదే! నువ్వు చెల్లెలివా, శత్రువువా?"

"ఆ కడుపు చూసి కూడా నీకు నోరెలా వచ్చింది? సిగ్గనేది ఉందా నీకు?"

"ఆ బిడ్డేమన్నా నా మనవడా?"

మనిషి కడుపులో ఇంత కుళ్లు ఉంటే గోడలో ఉండడం ఏం వింత అనుకున్నాను. కానీ లోపల చిన్న గర్వం కూడా లేకపోలేదు. పోనీలే, ఒక బిడ్డని తప్పించాను కదా అని.

నా గర్వం ఎంతో సేపు నిలవలేదు. నేనింకా గుమ్మంలో ఉండగానే వాళ్లిద్దరూ తిరిగొచ్చారు.

"తీసుకుంటామండీ," అన్నాడు కండక్టరు.

నేను నోరు వెళ్లబెట్టాను. "నేను చెప్పింది అర్థం కాలేదా బాబూ?"

"అర్థమైందండీ. మాకు అందుబాటులో ఉన్న ఇళ్లన్నీ చూశాం. అన్నీ ఇంతే. ఒకచోట పైకప్పు, ఒకచోట కరెంటు. ఉన్న ఇల్లు రేపు ఖాళీ చెయ్యాలి, కొత్తగా దిగేవాళ్లు సామాను అప్పుడే వరండాలో దించేశారు."

"కనీసం మీరు నిజం చెప్పారు," అంది ఆమె. "మిగతావాళ్లు ఏది ఎక్కడ పాడైందో కూడా చెప్పరండీ. మీకు తెలుసు కాబట్టి అడుగుతున్నాను, ఉయ్యాల ఏ గోడకి దూరంగా పెట్టుకోమంటారు?"

ఎంతో మర్యాదగా, నన్ను నమ్మి అడిగింది. నన్ను చెంప మీద కొట్టినా అంత నొప్పి ఉండేది కాదు.

అన్నయ్య నా భుజం పట్టుకుని పక్కకి లాగాడు. మొహం వెలిగిపోతోంది. "చూశావా! నిజం చెప్పినా దిగుతున్నారు. అనవసరంగా ఇన్నాళ్లూ రంగులకి తగలేశాను కదే. ఇకనుంచి నువ్వే వచ్చి అందరికీ ఉన్నదున్నట్టు చెప్పేద్దువుగాని. పైపు కంటే నిజం చవక!"

వాడి ఊపిరి నా చెవికి తగిలింది. నేను చెప్పిన నిజాన్ని కూడా వీడు తీసుకెళ్లి ఆ గోడకి పూసేశాడు.

నేను వంటగదిలోకి వెళ్లాను. వైట్ సిమెంట్ సంచిలో సుత్తి ఉంది. తీసుకున్నాను. "అమ్మా, అది బరువు," అన్నాడతను. పడగ్గదిలోకి వచ్చి, బీరువా పక్కన ఉన్న చోటు చూసుకుని, ఒక్కటి వేశాను.

పసుపు రంగు పెచ్చు పెద్దది ఊడి కింద పడింది. రెండో దెబ్బకి తడిసిన ఇటుక పొడిపొడి అయిపోయింది. ఆ తరవాత నేను కొట్టక్కర్లేకపోయింది. గోడే కడుపు విప్పుకుంది. ముందు బొద్దింకలు బిలబిలమంటూ వచ్చాయి. వాటి వెనక నల్లటి బురద జారింది. దాంట్లో వెంట్రుకలు, సబ్బు తుక్కు, ఇంకా పేరు చెప్పలేనివి. లోపల తుప్పు పట్టిన పైపు నోరు తెరుచుకుని కనిపించింది. వైట్ సిమెంట్ సంగతి చెప్పనా? "అబ్బో, పోయిందే," అన్నాడు, అప్పుడే తెలిసినట్టు.

"ఏయ్! ఎవరడిగి పగలగొట్టావే?" అన్నయ్య కేకేశాడు.

"నా సగం నేను పగలగొట్టుకున్నాను. నీ సగానికి రంగేసుకో!"

సరిగ్గా అప్పుడే పైన వదిన బకెట్టు నీళ్లు బాత్రూమ్‌లో గుమ్మరించినట్టుంది. గోడలో గుడగుడమని చప్పుడైంది. మరుక్షణం అదంతా ఆ పైపు నోట్లోంచి వచ్చి అన్నయ్య పాదాల మీద పడింది. "నీళ్లు పొయ్యకే! పొయ్యకే!" అంటూ గదంతా గెంతాడు. ఇంకోసారైతే నేను పడీ పడీ నవ్వేదాన్ని.

నవ్వనివ్వలేదు ఆ అమ్మాయి. గుమ్మం దగ్గర మెట్టు మీద కూలబడి ఏడుస్తోంది. నేను దగ్గరికి వెళితే తల ఎత్తింది. కళ్లల్లో కోపం.

"మీకు బాగానే ఉంటుందండీ, మంచిపని చేశామని. రేపు మేమెక్కడికెళ్లాలి? చెమ్మ గోడైనా గోడే కదా. ఇప్పుడు అదీ లేకుండా చేశారు."

సుత్తి నా చేతిలోనే ఉంది. ఆమె అన్నదాంట్లో ఒక్క ముక్క కూడా కాదనలేను. మా ఇంట్లో నేనూ, మా ఆయనా, మంచాన పడ్డ అత్తగారూ ఒకే గదిలో సర్దుకుంటున్నాం. లేకపోతే మా ఇంటికే తీసుకెళ్లేదాన్ని.

కేకలు విని వదిన దిగి వచ్చింది. చేతిలో ఖాళీ బకెట్టు అలాగే ఉంది. పగిలిన గోడనీ, కింద పారుతున్నదాన్నీ, మొగుడి కాళ్లనీ వరసగా చూసింది. తరవాత ఆ అమ్మాయిని చూసింది.

"పైన మా ముందు గది ఖాళీగానే ఉందమ్మా," అంది. "పైపు వేసేదాకా అక్కడుండండి."

అన్నయ్య తిరిగి చూశాడు. "నీకేమన్నా మతి పోయిందా? ఎవరిని ఎక్కడ ఉండమంటున్నావ్?"

"ఆ నీళ్లు మనవే కదండీ," అంది వదిన. బకెట్టు కింద పెట్టింది. "మన నీళ్లలో వాళ్లని ఉండమన్నాం. మన గదిలో ఉంటే ఏమైంది?"

మర్నాడు వాళ్లు మేడ మీద దిగారు. వైట్ సిమెంట్ ఆ పైపు నోటికి ఒక రబ్బరు గొట్టం తగిలించి కిటికీలోంచి బయటి కాలవలోకి వదిలాడు. నేను ఆస్పత్రిలో డ్యూటీలో ఉండగా అన్నయ్య ఫోన్ చేశాడు. గొంతు వింటే ఎవరో పోయారనుకున్నాను.

"ఒప్పుకుంటున్నానే చెల్లీ. పైపు మొత్తం మార్పిద్దాం. కొత్తది. మంచి కంపెనీది. ఆ సీటు కూడా మార్చేద్దాం. ఇవాళే మొదలెట్టమంటాను."

"ఏమైంది?"

"ఏమైందా? వాళ్లు నా బాత్రూమ్‌లో స్నానం చేస్తున్నారే! నా సబ్బు పక్కన వాళ్ల సబ్బు. నా తలుపు మీద వాళ్ల తువ్వాలు. పొద్దున్నించీ నేను లోపలికి వెళ్లలేకపోతున్నాను. తలుచుకుంటేనే అసహ్యం వేస్తోంది. నాకు అన్నం సహించట్లేదు, తెలుసా?"

ఒక పాప ఏడాది పొడుగునా దగ్గింది, ఈయనకి అన్నం సహించింది. నిండు గర్భిణి చెయ్యి ఆ గోడకి అంటుకుంది, అన్నం సహించింది. శుభ్రంగా ఉతికిన తువ్వాలు తన తలుపు మీద ఆరేసేసరికి ఈయనకి అసహ్యమనేది ఒకటుందని గుర్తొచ్చింది. ఛీ, నాన్నా, ఎలాంటివాణ్ణి కని పోయావు అనుకున్నాను.

పని మాత్రం ఆగమేఘాల మీద జరిగింది. పాత పైపు కింది నుంచి పైదాకా తీసి పారేశారు. గోడ కొత్తగా కట్టారు. ఆరడానికి ఫ్యాన్లు తెచ్చి పెట్టాడు, పక్కన కూర్చుని చెయ్యి ఆనించి ఆనించి చూశాడు. కమోడ్ సీటు కూడా పెట్టెలోంచి తీసిన కొత్తదే పెట్టించాడు. అన్నయ్య అంత చురుగ్గా పని చేయించడం నేను పుట్టాక చూడలేదు.

వాళ్లు కిందికి దిగిన రోజు నేను కూడా వెళ్లాను. బిడ్డ పుట్టింది, ఆడపిల్ల. నేను చెయ్యి పెట్టి చూశాను, గోడ పొడిగా ఉంది. ఉయ్యాల గదిలో ఎక్కడైనా పెట్టుకోవచ్చని చెప్పాను. ఆ అమ్మాయి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అన్నయ్య వైపు తిరిగి చేతులు జోడించింది.

"ఇంట్లో చోటిచ్చి, ఇంత ఖర్చు పెట్టి బాగుచేయించారు. మీలాంటి ఓనర్లు ఎక్కడా ఉండరండీ."

వదిన తల దించుకుంది. నేను అన్నయ్య మొహం చూస్తున్నాను. ఒక్క క్షణమైనా తడబడతాడేమోనని చూశాను.

"భలేదానివమ్మా," అన్నాడు, ఉయ్యాలని మెల్లగా ఊపుతూ. "సాటి మనుషులం. ఆ మాత్రం చూసుకోకపోతే ఎలా?"

నేను గేటు దాటి వీధిలోకి వెళ్లి, కాలవలో ఉమ్మేసి వచ్చాను.